ఏడాది దాటిన పాపకు, రొమ్ము గడ్డకట్టకుండా పాలు మాన్పించడం ఎలా?

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇది. పాపకు 14 నెలలు. పగలూ రాత్రీ కలిపి రోజుకు 7 సార్లు పాలు తాగుతోంది. "రెండు రోజులు మనసు గట్టి చేసుకుంటే చాలు, అదే మానేస్తుంది" అని ఎవరో చెబితే ఒక్కసారిగా ఆపేశారు. మూడో రోజుకల్లా రొమ్ములు రాళ్లలా అయ్యాయి, జ్వరం వచ్చింది, పాప గుక్కపట్టి ఏడ్చింది, మళ్లీ ఇచ్చేశారు. ఇప్పుడు రెండు నెలల్లో మాన్పించాలి, కానీ ఆ నొప్పి మళ్లీ పడలేను, పాపను అంతలా ఏడిపించలేను అంటున్నారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. రోజులో ఒక్క పూట పాలు మాత్రమే ఆపండి. రొమ్ము దానికి అలవాటు పడ్డాక, అంటే 4 నుంచి 7 రోజుల తర్వాత, ఇంకో పూట ఆపండి. పాప పెద్దగా పట్టించుకోని పూటతో మొదలుపెట్టండి, నిద్రపోయే ముందు తాగే పాలను అన్నిటికంటే చివర వదలండి. మధ్యలో రొమ్ము బిగిస్తే కాస్త తేలికయ్యేంత వరకే పిండండి, ఖాళీ చేయకండి. ఈ లెక్కన 7 పూటలకు 4 నుంచి 7 వారాలు పడుతుంది. మీకు రెండు నెలల సమయం ఉంది కాబట్టి తొందరపడాల్సిన అవసరం ఏమీ లేదు.

నేను 19 ఏళ్లుగా నర్సును. మొదట ప్రసూతి వార్డులో, తర్వాత పాలిచ్చే తల్లులకు సలహాలిచ్చే క్లినిక్‌లో పని చేస్తున్నాను. ఇద్దరు పిల్లల తల్లిని కూడా. మొదటి బాబుకు 11 నెలలప్పుడు నేనూ మీలాగే ఒక్కసారిగా ఆపాను. నాలుగో రోజు కుడి రొమ్ము మీద ఎర్రటి చార వచ్చి, 39 డిగ్రీల జ్వరంతో వణికిపోయాను. రెండో పాపకు ఏడు వారాలు తీసుకున్నాను, నొప్పి మాత్ర ఒక్కటి కూడా అవసరం పడలేదు. శరీరం అదే. వేగం ఒక్కటే మారింది.

వేగం ఎందుకంత ముఖ్యమో తెలిస్తే మిగతాదంతా మీకు మీరే సర్దుకోగలరు, అందుకే ఇది కొంచెం వివరంగా చెప్తాను. రొమ్ములో పాలు కుండలో నీళ్లలా ఒకసారి నిండి ఉండేవి కావు. చెలమలా తోడినకొద్దీ ఊరతాయి, తోడకపోతే ఊట తగ్గుతుంది. పాప చప్పరించినప్పుడల్లా మెదడు నుంచి ప్రొలాక్టిన్ అనే హార్మోన్ వచ్చి పాలు తయారు చేయిస్తుంది. రొమ్ము నిండి అలాగే ఉండిపోతే, లోపలి ఒత్తిడీ పాలలోనే ఉండే కొన్ని పదార్థాలూ కలిసి పాలు తయారు చేసే కణాలకు "ఇక చాలు" అని చెప్తాయి. ఇది ఏ రొమ్ముకు ఆ రొమ్ములో విడిగా జరుగుతుంది. అందుకే ఒకవైపు ఎక్కువ తాగే పిల్లల తల్లులకు ఆ వైపు పాలు ఎక్కువ ఉంటాయి.

అయితే ఆ మాట కణాలకు చేరి, అవి తయారీ తగ్గించడానికి కొన్ని రోజులు పడుతుంది. ఒక్క పూట ఆపితే కొద్దిపాటి పాలే మిగులుతాయి, కొన్ని రోజుల్లో శరీరం సర్దుకుంటుంది. ఏడు పూటలూ ఒకేరోజు ఆపితే తయారీ పాత వేగంతోనే సాగుతూ ఉంటుంది, పాలకు పోయే దారి ఉండదు. రొమ్ములో నీరు చేరి వాస్తుంది, ఆ వాపు పాల నాళాలను నొక్కేస్తుంది, అక్కడ మంట మొదలవుతుంది. మీకు వచ్చిన గట్టితనం, జ్వరం దాదాపు ఇలాగే వచ్చి ఉంటాయి. మీరు మనసు గట్టి చేసుకోలేకపోయారని అనుకోకండి. జ్వరంలో మళ్లీ పాలు ఇవ్వడం ఆ సమయానికి మీ రొమ్ముకు మీరు చేసిన మంచి పని.

ఇక మొదలుపెట్టడం. మూడు రోజులు ఏమీ మార్చకుండా, పాప ఎప్పుడు తాగుతోందో, ఎందుకు తాగుతోందో ఒక కాగితం మీద రాసుకోండి. ఆకలికా, నిద్రకా, దెబ్బ తగిలితే ఓదార్పుకా, ఊరికే తోచకా? ఈ పని చిన్నదిగా కనిపిస్తుంది కానీ నా దగ్గరికి వచ్చే తల్లులందరికీ మొదట ఇదే చెప్తాను. ఒకామె రోజుకు పదిసార్లు ఇస్తూ, అంతా ఆకలే అనుకున్నారు. రాసి చూస్తే నాలుగు సార్లు ఆమె ఒకే కుర్చీలో ఫోన్ పట్టుకుని కూర్చున్నప్పుడు. బాబుకు ఆ కుర్చీ కనిపిస్తే పాలు గుర్తొస్తున్నాయి. వారం పాటు ఆ కుర్చీలో కూర్చోవడం మానేసి, ఆ సమయానికి వాడితో బయట తిరిగారు. నాలుగింటిలో మూడు పూటలు ఏడుపే లేకుండా పోయాయి.

పాలిచ్చే ప్రతి పూటలో పాపకు కడుపు నిండటం ఉంటుంది, అమ్మ ఒళ్లో ఉండటం ఉంటుంది, అలవాటూ ఉంటుంది. మీరు ఏ పూట ఆపుతున్నారో ఆ పూటలో వీటిలో ఏది ఎక్కువో చూసి దానికి తగ్గది ఇవ్వండి. ఆకలితో తాగే పూటైతే ఆ సమయానికి పది నిమిషాల ముందే తిండి పెట్టేయండి, అడిగాక పెడితే తీసుకోదు. ఓదార్పు కోసం తాగే పూటైతే ఎత్తుకోండి, హత్తుకోండి, కథ చెప్పండి. పాలు తగ్గిస్తున్న రోజుల్లో ముట్టుకోవడం మాత్రం తగ్గించకండి, ఇంకా పెంచండి. ఎత్తుకుంటే పాలు అడుగుతుందని భయపడి పాపను దూరం పెట్టే తల్లులను చూశాను. అలా చేస్తే పాప ఇంకా గట్టిగా అతుక్కుంటుంది.

పగటి పూటల్లో నాకు బాగా పనిచేసిన పద్ధతి ఒకటుంది: మీరుగా ఇవ్వకండి, అడిగితే కాదనకండి. ఎప్పుడూ గుర్తుచేయకుండా, పని కల్పిస్తూ ఉంటే 14 నెలల పిల్లలు ఒకటి రెండు పూటలు వాళ్లే మర్చిపోతారు. అలా పోనివాటికి సమయం తగ్గించండి. పది నిమిషాలు తాగేదాన్ని ఏడుకు, తర్వాత ఐదుకు, మూడుకు తేండి. "కాసేపయ్యాక" అని వాయిదా వేయడం రెండేళ్ల పిల్లలతో బాగా పనిచేస్తుంది. 14 నెలల పాపకు "కాసేపు" అంటే ఏమిటో ఇంకా తెలియదు కాబట్టి దాని మీద ఆధారపడకండి.

ఇప్పుడు మీ అసలు భయం, రొమ్ము నొప్పి.

ఒక పూట ఆపిన రోజున ఆ సమయానికి రొమ్ము బరువుగా అనిపించడం మామూలే. పాప ఏడుపు వినగానే పాలు చేపుకొచ్చి కారడమూ మామూలే. కొంచెం బరువుగా ఉంటే వదిలేయండి, ఆ నిండుతనమే పాలు తగ్గించే మందు. సలుపు మొదలైతే, ముట్టుకుంటే నొప్పిగా ఉంటే అప్పుడు చేత్తో కాస్త పిండండి. బొటనవేలు పైన, మిగతా వేళ్లు కింద, చనుమొన చుట్టూ ఉండే నల్లటి వలయం అంచుకు కాస్త వెనగ్గా పెట్టి, ముందు ఛాతీ వైపు మెల్లగా నొక్కి, తర్వాత వేళ్లు దగ్గరకు తేండి. వేళ్లు చర్మం మీద జారకూడదు. ఒకటి రెండు నిమిషాల్లో బిగుతు సడలుతుంది. అక్కడే ఆపేయండి. పంపు వాడితే చేతికి తెలియకుండానే ఎక్కువ లాగేస్తాం, అందుకే ఈ పనికి నేను చేతినే నమ్ముతాను.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఒక తల్లి రెండు వారాలుగా పాపకు పాలు ఇవ్వడం లేదు, పాలు మాత్రం చుక్క కూడా తగ్గలేదని వచ్చారు. అడిగితే, నొప్పి భరించలేక ఉదయం, రాత్రి పంపుతో పూర్తిగా తీసేస్తున్నానని చెప్పారు. పాప చేసే పనిని పంపు చేస్తోంది, రొమ్ముకు ఇద్దరి మధ్య తేడా తెలియదు. తీసే సమయాన్ని రెండు రోజులకోసారి రెండేసి నిమిషాలు తగ్గించమన్నాను. మూడు వారాల్లో ఆమెకు పాలు దాదాపు ఆగిపోయాయి.

నొప్పికి చల్లదనం మంచిది. చల్లటి నీళ్లలో పిండిన గుడ్డ గానీ, గుడ్డలో చుట్టిన ఐస్ గానీ 10 నుంచి 15 నిమిషాలు పెట్టుకోండి, కావాలంటే రోజులో కొన్నిసార్లు. వేడి కాపడం ఎక్కువసేపు పెడితే రక్తప్రసరణ పెరిగి వాపు ఇంకా ఎక్కువవుతుంది. పిండే ముందు నిమిషం పాటు గోరువెచ్చటి గుడ్డ వేసుకోవాలనిపిస్తే వేసుకోండి, అంతకు మించి వద్దు. చల్లటి క్యాబేజీ ఆకులు కూడా కొందరికి హాయినిస్తాయి. అవి పాలను ఎండబెడతాయన్నంత నమ్మకం నాకు లేదు, చల్లగా ఉండటం వల్ల వచ్చే హాయి మాత్రం నిజం.

గుడ్డతో ఛాతీని గట్టిగా కట్టేయకండి. పాలు పోతాయని ఇది పాతకాలం నుంచి చెబుతున్నారు, కానీ నాళాలు నొక్కుకుపోయి గడ్డలు కట్టడానికి ఇదే కారణమవుతుంది. పట్టి ఉంచే బ్రా వేసుకోండి, విప్పాక చర్మం మీద అచ్చులు పడుతున్నాయంటే అది బిగుతైనట్టే. తీగ ఉన్న బ్రాలు ఈ రెండు నెలలు పక్కన పెట్టండి. నీళ్లు తాగడం తగ్గిస్తే పాలు తగ్గుతాయన్నదీ నిజం కాదు. దాహం వేసినంత తాగండి.

చేతికి గడ్డ తగిలితే దాన్ని పిసికి కరిగించాలని చూడకండి. నేను పనిలో చేరిన కొత్తలో గట్టిగా మర్దన చేయమనే నేర్పేవాళ్లు, నేనూ చాలామంది తల్లులకు అలాగే చేశాను. ఇప్పుడు ఆ పద్ధతి మారింది. గట్టిగా పిసికితే లోపలి కణజాలం దెబ్బతిని వాపు పెరుగుతుందని తెలిసింది. పిల్లి వీపు నిమిరినంత తేలిగ్గా, చనుమొన వైపు నుంచి చంక వైపు చర్మం మీద నిమరండి, చల్లటి గుడ్డ పెట్టండి, ఆ వైపుకు ఇంకో పూట ఆపడం రెండు రోజులు వాయిదా వేయండి. నొప్పికి పారాసెటమాల్ గానీ ఐబుప్రోఫెన్ గానీ పాలిచ్చే తల్లులు వాడుకోవచ్చు. అల్సర్, ఉబ్బసం, కిడ్నీ లేదా లివర్ ఇబ్బంది ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడిగే వేసుకోవాలి.

ఒకవేళ రొమ్ములో ఒక భాగం ఎర్రబడి వేడిగా ఉండి, 38.5 డిగ్రీలు దాటిన జ్వరం, ఒళ్లు నొప్పులు, చలి వస్తే అది మాస్టైటిస్ (రొమ్ములో మంటతో కూడిన వాపు) కావచ్చు. ఒక రోజులో తగ్గుముఖం పట్టకపోయినా, లేదా మొదటి నుంచే ఒంట్లో బాగా నలతగా ఉన్నా, డాక్టర్‌ని కలవండి. ఆ సమయంలో మాన్పించే పని అక్కడికక్కడ ఆపేసి, ముందు ఇస్తున్నట్టే పాలు ఇవ్వండి. ఆ పాలు పాపకు హాని చేయవు. కాస్త ఉప్పగా ఉంటాయి కాబట్టి పాప ముఖం తిప్పుకోవచ్చు, అప్పుడు చేత్తో తీయండి. మీకు ఒకసారి జ్వరం వచ్చింది కాబట్టి ఈ పేరాను మాత్రం గుర్తుపెట్టుకోండి.

రాత్రి పాల గురించి. పగటి పూటలు ఒకటి రెండుకు తగ్గాక రాత్రి మీదకు వెళ్లండి. పాప లేచినప్పుడు మీరు కాకుండా నాన్నో, అమ్మమ్మో, తనకు బాగా చేరికైన ఇంకొకరో వెళ్లి ఎత్తుకుని జోకొడితే పని సులువవుతుంది. మీ దగ్గర పాల వాసన ఉంటుంది, పక్కనే ఉండి ఇవ్వకపోవడం పాపకు అర్థం కాదు. నేను సలహా ఇచ్చిన ఒక ఇంట్లో మొదటి రాత్రి పాప నాన్న భుజం మీద నలభై నిమిషాలు ఏడ్చింది, రెండో రాత్రి పావుగంట, నాలుగో రాత్రి కాస్త మూలిగి పడుకుంది. ఎత్తుకునే మనిషి ఉండగా వచ్చే ఆ ఏడుపును చూసి నేను కంగారుపడను. మీరు ఒక్కరే చూసుకుంటుంటే తాగే నిమిషాలు తగ్గించే పద్ధతే మంచిది. ఒక విషయం ముందే చెప్పాలి: రాత్రి పాలు మానేస్తే రాత్రంతా నిద్రపోతుందన్న హామీ లేదు. కొందరు పడుకుంటారు, కొందరు అలాగే లేస్తారు, పాలకు బదులు నీళ్లు అడుగుతారు.

చివరికి మిగిలే పడుకునేముందు పాలను, దాని చుట్టూ ఒక వరుస అలవాటు చేశాక వదలండి. స్నానం, పాలు, పళ్లు తోమడం, కథ, దీపం ఆర్పడం. పాలు తాగుతూ నిద్రలోకి జారే పాపకు, పాలకూ నిద్రకూ మధ్య ఒక కథంత ఎడం వస్తే సగం పని అయినట్టే.

తిండి విషయంలో 14 నెలలు మీకు అనుకూలమైన వయసు. రోజుకు మూడు పూటల భోజనం, మధ్యలో ఒకటి రెండు చిరుతిళ్లు తింటుంటే రొమ్ము పాలకు బదులు ఫార్ములా (డబ్బా పాలు) అక్కర్లేదు. వెన్న తీయని ఆవు పాలు కప్పులో ఇవ్వండి, రోజుకు 500 మిల్లీలీటర్లు దాటకుండా చూడండి. అంతకంటే ఎక్కువ తాగే పిల్లలు తిండి తగ్గించేస్తారు, ఆవు పాలలో ఐరన్ బాగా తక్కువ కాబట్టి రక్తహీనత రావచ్చు. ఈ వయసులో కొత్తగా సీసా అలవాటు చేయకండి, దాన్ని మాన్పించడం ఇంకో రెండు నెలల పని. ఆవు పాలు పడని పిల్లలైతే వాటికి బదులు ఏమివ్వాలో పిల్లల డాక్టర్‌తో మాట్లాడాలి.

మీలాంటి ప్రశ్నతో ఇంకా ఏడాది నిండని పిల్లల తల్లులు ఇది చదువుతుంటే, మీకు లెక్క వేరు. 12 నెలల లోపు పాల పూట తగ్గిస్తే ఆ స్థానంలో పిండి తీసి నిల్వ ఉంచిన తల్లి పాలో, ఫార్ములానో ఉండాలని చాలామంది పిల్లల డాక్టర్లు చెప్తారు. ఏడాది లోపు పాప ఉన్నట్టుండి రొమ్ము పట్టకపోతే, తనే మానేసిందని అనుకోకండి. చెవి నొప్పి, ముక్కు దిబ్బడ, పళ్లు రావడం, మీరు మార్చిన సబ్బు వాసన, ఇలాంటిదేదో ఉంటుంది, కొన్ని రోజుల్లో మళ్లీ పడతారు.

మీరు ఎందుకు మాన్పించాలనుకుంటున్నారో రాయలేదు, రాయాల్సిన అవసరమూ లేదు. రెండేళ్లు, ఆపైన కూడా ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. మీరు 14 నెలలు ఇచ్చారు, ఇక చాలనుకుంటే అది మీ నిర్ణయం. కాకపోతే కారణం ఏదైనా మందు అయితే, ఆ మందు పేరు చెప్పి ఇంకోసారి అడగండి. పాలిస్తూ వాడుకోగలిగిన మందులు అనుకున్నదానికంటే చాలా ఎక్కువ. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ నడిపే లాక్ట్‌మెడ్ అనే ఉచిత సమాచార కోశంలో ఏ మందు పాలలోకి ఎంత వెళ్తుందో ఉంటుంది, మీ డాక్టర్ అక్కడ చూడగలరు. కారణం ఉద్యోగమైతే పగలు మాన్పించి, ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి నెలల తరబడి ఇచ్చుకోవచ్చు. శరీరం ఆ రెండు పూటలకు సరిపడా పాలే చేస్తుంది.

చనుమొనకు చేదు రాయడం, పాపను నాలుగు రోజులు వేరే ఇంట్లో వదిలేయడం, ఈ రెండూ నేను ఎవరికీ చెప్పను. పాపకు దెబ్బ తగిలినా భయం వేసినా పరుగెత్తే చోటు అది. అది ఒకరోజు ఉన్నట్టుండి చేదైతే ఎందుకో తనకు చెప్పేవాళ్లు ఉండరు. దూరంగా పంపితే పాలూ అమ్మా ఒకేసారి పోతాయి. ఇటు మీ రొమ్ముకు కూడా అది మళ్లీ ఒక్కసారిగా ఆపడమే.

పాలు ఎండిపోయే మాత్రలు అడిగే వాళ్లూ ఉన్నారు. క్యాబర్గోలిన్ అనే మందు ఉంది, ఎక్కువగా కాన్పు అయిన మొదటి రోజుల్లో, ప్రత్యేక కారణాలున్న వాళ్లకు డాక్టర్లు ఇస్తారు. అంతకుముందు ఇదే పనికి వాడిన బ్రోమోక్రిప్టిన్‌తో రక్తపోటు పెరగడం, మూర్ఛ, పక్షవాతం లాంటి ప్రమాదాలు కనిపించి, పాలు ఆపడానికి దాన్ని వాడే అనుమతిని అమెరికాలో 1990ల్లో ఎత్తేశారు. నెమ్మదిగా మాన్పించగలిగే సమయం ఉన్న మీకు ఏ మాత్రా అక్కర్లేదు. సొంతంగా మాత్రం అస్సలు వేసుకోకండి.

పాపకు ఒంట్లో బాగాలేనప్పుడు, ఇల్లు మారుతున్నప్పుడు, కొత్తగా ఎవరి దగ్గరో వదలడం మొదలుపెట్టినప్పుడు ఈ పని మొదలుపెట్టకండి. మధ్యలో జ్వరం వస్తే ఒక అడుగు వెనక్కి వేసి, ఆపిన పూట మళ్లీ ఇవ్వండి. తగ్గాక వారంలో మళ్లీ అక్కడికే వస్తారు. నా రెండో పాపతో నేను అలా రెండుసార్లు వెనక్కి వచ్చాను.

మీ మనసు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దీన్ని తల్లులకు ముందుగా ఎవరూ చెప్పరు. చివరి పూటలు తగ్గేకొద్దీ ప్రొలాక్టిన్, ఆక్సిటోసిన్ అనే హార్మోన్లు తగ్గుతాయి. కారణం లేకుండా ఏడుపు రావడం, చిరాకు, నిద్ర పట్టకపోవడం ఉండొచ్చు. మాన్పించాలని తనే గట్టిగా అనుకున్న తల్లి కూడా చివరి వారంలో నా ఎదురుగా కూర్చుని ఏడ్చింది, తనకే ఆశ్చర్యంగా ఉందని చెప్పింది. నెమ్మదిగా ఆపితే ఇదీ నెమ్మదిగానే ఉంటుంది. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, పాపను చూసినా ఏమీ అనిపించకపోతే, ఇంతకుముందు డిప్రెషన్ వచ్చి ఉంటే, ఆలస్యం చేయకుండా డాక్టర్‌తో మాట్లాడండి. మిమ్మల్ని మీరు గాయపరుచుకోవాలన్న ఆలోచన వస్తే అదే రోజు, అదే గంటలో.

నెలసరి ఇంకా రాకపోయి ఉంటే ఈ వారాల్లో రావచ్చు. మొదటి నెలసరికి ముందే అండం విడుదల కావచ్చు కాబట్టి, ఇప్పుడే గర్భం వద్దనుకుంటే నెలసరి కోసం ఎదురుచూడకుండా ముందే జాగ్రత్త తీసుకోండి.

పాలు పూర్తిగా మానేశాక కూడా కొన్ని వారాల నుంచి కొన్ని నెలల వరకు, నొక్కితే చుక్క కనిపించవచ్చు. ఉందో లేదో అని రోజూ నొక్కి చూస్తుంటే అది ఆగడానికి ఇంకా ఆలస్యమవుతుంది. రొమ్ములు కొన్నాళ్లు మెత్తగా, జారినట్టు ఉంటాయి, తర్వాత చాలావరకు సర్దుకుంటాయి. ఒకవైపు నుంచే దానంతటదే ద్రవం కారుతున్నా, అందులో రక్తం కనిపించినా, మానేసిన కొన్ని వారాల తర్వాత కూడా ఒకే చోట గట్టి గడ్డ చేతికి తగులుతున్నా, పాల గడ్డే అని వదిలేయకుండా డాక్టర్‌కి చూపించండి.